సంయుగ్మ చలరాశులు, అనిశ్చితత్వం

భౌతికశాస్త్రంలో ఒక వ్యవస్థ స్థితిని వర్ణించే రాశుల్లో కొన్ని జంటలుగా నడుస్తాయి. స్థానానికి జోడీ ద్రవ్యవేగం, కోణానికి జోడీ కోణీయ ద్రవ్యవేగం. కెపాసిటర్, తీగచుట్ట కలిసిన విద్యుత్ వలయంలో ఆవేశానికి జోడీ అయస్కాంత అభివాహం. ఇలాంటి జంటలను సంయుగ్మ చలరాశులు అంటారు. క్వాంటం యాంత్రికశాస్త్రంలో ఒక జంటలోని రెండు రాశులకూ ఏకకాలంలో కచ్చితమైన విలువ ఉండే స్థితి లేనే లేదు. ఒకదాని విలువ ఎంత ఇరుకైన హద్దుల్లో ఉంటే రెండోది అంత విస్తరిస్తుంది. ఆ రెండు వ్యాప్తుల లబ్ధం ఒక కనిష్ఠ హద్దుకు దిగువకు రాదు. ప్లాంక్ స్థిరాంకాన్ని 12.57తో, అంటే నాలుగు రెట్ల ‘పై’తో, భాగిస్తే వచ్చేదే ఆ హద్దు: సుమారు 5.27 × 10⁻³⁵ జౌల్-సెకన్లు. 1927లో వెర్నర్ హైసెన్‌బర్గ్ ముందుకు తెచ్చిన ఈ ఫలితానికి అనిశ్చితత్వ నియమం అని పేరు.

పరికరం తాకగానే కణం కదిలిపోతుంది కాబట్టి అనిశ్చితత్వం వస్తుందని పాఠాల్లో తరచు చెబుతారు. అది నియమానికి దొరికిన మొదటి వివరణల్లో ఒకటి. మూలకారణం మాత్రం అది కాదు. మూలం ఆ రెండు రాశుల మధ్య ఉన్న సంయుగ్మ సంబంధంలోనే ఉంది. ఆ సంబంధమేమో క్వాంటం సిద్ధాంతం కంటే పాతది.

యాంత్రికశాస్త్రంలో పుట్టిన జంట

ఫ్రాన్స్‌లో స్థిరపడిన లాగ్రాంజ్ 1788లో వెలువరించిన గ్రంథంలో, చలనాన్ని బలాల బొమ్మలు గీయకుండా శక్తి ఆధారంగా లెక్కగట్టే పద్ధతిని స్థిరపరిచాడు. ఐర్లండ్ గణితవేత్త విలియం రోవన్ హామిల్టన్ 1834, 1835లలో ప్రచురించిన రెండు పత్రాల్లో ఇంకో అడుగు వేశాడు. వ్యవస్థలోని ప్రతి స్థాన నిర్దేశకానికీ ఒక ద్రవ్యవేగాన్ని జతచేసి, రెండింటికీ సమాన హోదా ఇచ్చాడు. ద్రవ్యవేగాన్ని కొద్దిగా మారిస్తే మొత్తం శక్తి ఏ రేటున మారుతుందో, కాలంతో పాటు స్థానం మారే రేటు అదే. స్థానాన్ని మార్చినప్పుడు శక్తి మారే రేటుకు రుణ గుర్తు పెడితే, ద్రవ్యవేగం మారే రేటు వస్తుంది. ఆ ఒక్క రుణ గుర్తు తప్ప రెండు సమీకరణాలూ ఒకే అచ్చులో ఉంటాయి.

ఇక్కడ ద్రవ్యవేగం అంటే ఎప్పుడూ ద్రవ్యరాశి, వేగాల లబ్ధమే అనుకోకూడదు. అయస్కాంత క్షేత్రంలో తిరిగే ఎలక్ట్రాన్ విషయంలో స్థానానికి సంయుగ్మమైన రాశిలో ఆ లబ్ధంతో పాటు క్షేత్రానికి చెందిన పదం కూడా కలుస్తుంది. అందువల్ల సంయుగ్మతకు మెరుగైన నిర్వచనం వేరే ఉంది: ఒక రాశిని జరిపే పనిముట్టు ఏదో అదే దాని జోడీ. ద్రవ్యవేగం వ్యవస్థను స్థానంలో జరుపుతుంది, కోణీయ ద్రవ్యవేగం కోణంలో తిప్పుతుంది. నియమాలు అన్ని చోట్లా ఒకేలా ఉంటే ద్రవ్యవేగం నిత్యత్వం పాటిస్తుందని 1918లో ఎమ్మీ నోయ్‌తర్ నిరూపించిన సిద్ధాంతానికి వెనకున్నదీ ఈ బంధమే.

మరో గుర్తు కూడా ఉంది. యాంత్రికశాస్త్రంలో ఏ జంటను తీసుకుని గుణించినా ఫలితం ప్రమాణం జౌల్-సెకనే. మీటరును కిలోగ్రామ్-మీటర్-పర్-సెకనుతో గుణించినా అంతే, కూలుంబ్‌ను వెబర్‌తో గుణించినా అంతే. ఈ రాశిని యాక్షన్ అంటారు. ప్లాంక్ స్థిరాంకం ప్రమాణం కూడా ఇదే. 1900లో బెర్లిన్‌లో మాక్స్ ప్లాంక్ వేడి వస్తువుల కాంతిని లెక్కగడుతూ ఈ స్థిరాంకాన్ని ప్రవేశపెట్టాడు. 2019 మే 20 నుంచి దాని విలువను 6.62607015 × 10⁻³⁴ జౌల్-సెకన్లుగా శాశ్వతంగా నిర్ణయించి, కిలోగ్రామును దాని మీద ఆధారపరిచారు. ఉష్ణగతికశాస్త్రంలో పీడనం–ఘనపరిమాణం, ఉష్ణోగ్రత–ఎంట్రోపీ జతలను కూడా సంయుగ్మాలు అంటారు గానీ, వాటి లబ్ధం శక్తి. వాటికి ఈ వ్యాసంతో పని లేదు.

స్థానాన్ని ఒక అక్షం మీద, ద్రవ్యవేగాన్ని మరో అక్షం మీద గుర్తిస్తే వచ్చే గణిత అంతరాళాన్ని ఫేజ్ స్పేస్ అంటారు. వ్యవస్థ కదిలే కొద్దీ అందులోని ఒక ప్రాంతం ఆకారం ఎంత మారినా పరిమాణం మారదని లియువిల్ సిద్ధాంతం చెబుతుంది. 1985లో మిఖాయిల్ గ్రోమోవ్ ఇంతకంటే విచిత్రమైన సంగతి నిరూపించాడు. ఫేజ్ స్పేస్‌లో ఒక గోళాన్ని తీసుకుని, యాంత్రికశాస్త్రం అనుమతించే ఏ మార్పుతో సాగదీసినా, మెలిపెట్టినా, ఒక సంయుగ్మ జంట తలం మీద పడే దాని నీడ వైశాల్యం మొదటి దానికంటే తగ్గదు. సూది బెజ్జంలో దూరలేని ఒంటె పేరుతో గణితవేత్తలు దీన్ని సరదాగా పిలుచుకుంటారు. ప్లాంక్ స్థిరాంకం ప్రస్తావనే లేని చోట కూడా అనిశ్చితత్వానికి ఛాయ ఉందన్నమాట.

కాలం, పౌనఃపున్యం

రెండో మూలం తరంగాల గణితం. ఏ తరంగాన్నైనా శుద్ధ స్వరాల మొత్తంగా విడగొట్టవచ్చని జోసెఫ్ ఫూరియే ఉష్ణ ప్రసారం మీద 1822లో వెలువరించిన గ్రంథంతో తెలిసివచ్చింది. తంబురా శ్రుతి ఎడతెగకుండా మోగుతుంది కాబట్టి అది ఏ స్వరమో చెప్పగలం. ఏ క్షణాన మోగిందంటే జవాబు లేదు. చప్పట్లకు క్షణం ఉంది, స్వరం లేదు. ఆ చిన్న శబ్దాన్ని విడగొడితే ఎన్నో పౌనఃపున్యాలు కలిసి కనిపిస్తాయి. 240, 241 హెర్ట్జ్ స్వరాలను వర్ణపటంలో విడివిడిగా చూడాలంటే దాదాపు ఒక సెకను పాటు శబ్దాన్ని నమోదు చేయక తప్పదు. ఎంత ఖరీదైన పరికరం కొన్నా ఇది మారదు, ఎందుకంటే తక్కువ సమయంలో ఆ తేడా సంకేతంలోనే లేదు. 1946లో డెనిస్ గాబర్ సమాచార ప్రసార సిద్ధాంతంలో ఈ హద్దుకు కచ్చితమైన రూపమిచ్చి, గంట ఆకారపు వక్రరేఖ చుట్టుకున్న స్వరం మాత్రమే ఆ హద్దును సరిగ్గా అందుకుంటుందని చూపాడు.

ఈ గణితం కణాలకు వర్తించడానికి కావలసిన వంతెనను 1924లో లూయీ ద బ్రోయ్ తన పరిశోధన గ్రంథంలో కట్టాడు. కణానికి ఒక తరంగం ఉంటుంది. ప్లాంక్ స్థిరాంకాన్ని ద్రవ్యవేగంతో భాగిస్తే దాని తరంగదైర్ఘ్యం వస్తుంది. ఈ ఒక్క వాక్యాన్ని ఒప్పుకుంటే మిగతాదంతా ఫూరియే లెక్కే. ఒకే తరంగదైర్ఘ్యం ఉన్న తరంగం, అంటే కచ్చితమైన ద్రవ్యవేగం ఉన్న కణం, అంతరాళమంతా పరుచుకుని ఉంటుంది. దాన్ని ఒకచోట కుదించాలంటే రకరకాల తరంగదైర్ఘ్యాలను కలపాలి.

హెల్గోలాండ్ నుంచి కోపెన్‌హాగెన్ దాకా

1925 జూన్‌లో పుప్పొడి అలర్జీ బాధ తట్టుకోలేక హైసెన్‌బర్గ్ ఉత్తర సముద్రంలోని హెల్గోలాండ్ దీవికి వెళ్ళాడు. పరమాణువులో ఎలక్ట్రాన్ కక్ష్యను ఎవరూ చూడలేదు కాబట్టి దాన్ని వదిలేసి, వెలువడే కాంతి పౌనఃపున్యాలు, తీవ్రతలతోనే కొత్త లెక్క కట్టాడు. ఆ లెక్కలో రెండు రాశులను గుణించే క్రమం మారిస్తే ఫలితం మారింది. గోటింగెన్‌లో మాక్స్ బోర్న్ ఆ పత్రం చదివి ఇవి మాత్రికలని గుర్తుపట్టాడు. పాస్కువల్ జోర్డాన్‌తో కలిసి రాసిన పత్రంలో స్థానం, ద్రవ్యవేగం మాత్రికలను రెండు క్రమాల్లో గుణించినప్పుడు వచ్చే తేడా సున్నా కాదనీ, ప్లాంక్ స్థిరాంకానికి అనుపాతంలో ఉండే ఒక స్థిర సంఖ్య అనీ తేల్చాడు. గోటింగెన్ శ్మశానంలో బోర్న్ సమాధి రాతి మీద చెక్కింది ఈ సమీకరణాన్నే.

ఇందులో ఇంటర్మీడియట్ విద్యార్థి కూడా సరిచూసుకోగల ఒక చమత్కారం ఉంది. పరిమిత వరుసలున్న చతురస్ర మాత్రికలను ఏ క్రమంలో గుణించినా ప్రధాన వికర్ణం మీది సంఖ్యల మొత్తం మారదు. కాబట్టి రెండు లబ్ధాల తేడాలో ఆ మొత్తం సున్నా కావాలి. బోర్న్ సమీకరణం కుడివైపున ఉన్నదేమో సున్నా కాదు. అంటే స్థానాన్నీ ద్రవ్యవేగాన్నీ ఎంత పెద్దవైనా సరే పరిమిత మాత్రికలతో రాయలేం, అనంతమైనవే కావాలి.

కేంబ్రిడ్జిలో పాల్ డిరాక్ అదే సంవత్సరం ఒక ఆదివారం షికారు వెళ్ళినప్పుడు, ఈ తేడా ఎప్పుడో చదివిన పాయిసన్ బ్రాకెట్ అనే పాత గణిత వ్యక్తీకరణలా ఉందని అతనికి తట్టింది. ఆదివారం గ్రంథాలయం మూసి ఉంది. సోమవారం ఉదయం తెరిచే దాకా ఆగి సరిచూసుకున్నాడు. సంయుగ్మ జంటలను గుర్తించడానికి హామిల్టన్ యాంత్రికశాస్త్రంలో వాడే బ్రాకెట్ అది. పాత సంయుగ్మత కొత్త సిద్ధాంతంలోకి ఏ తలుపు గుండా వచ్చిందో డిరాక్ అలా చూపించాడు. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా లోతైన అడుగు ఇదే, హైసెన్‌బర్గ్ సూక్ష్మదర్శిని కంటే.

ఆ సూక్ష్మదర్శిని 1927 మార్చిలో వచ్చింది. హైసెన్‌బర్గ్ అప్పుడు కోపెన్‌హాగెన్‌లో నీల్స్ బోర్ దగ్గర ఉన్నాడు. ఎలక్ట్రాన్‌ను కచ్చితంగా చూడాలంటే తరంగదైర్ఘ్యం బాగా తక్కువైన గామా కిరణం కావాలి. అది ఎలక్ట్రాన్‌ను గట్టిగా తన్ని దాని ద్రవ్యవేగాన్ని చెడగొడుతుంది అన్నది అతని ఊహాప్రయోగం. బోర్ ఇందులో లోపం పట్టుకున్నాడు. తన్ను ఎంతో కచ్చితంగా తెలిస్తే లెక్కలోంచి తీసేయవచ్చు. కటకం వెడల్పుగా ఉండటం వల్ల కిరణం ఏ దిశలో లోపలికి వచ్చిందో తెలియదు, అసలు చిక్కు అక్కడుంది. ఈ సవరణను హైసెన్‌బర్గ్ పత్రం చివర చేర్చాల్సి వచ్చింది. 1923లో మ్యూనిక్‌లో డాక్టరేట్ మౌఖిక పరీక్షలో విల్‌హెల్మ్ వీన్ సూక్ష్మదర్శిని పృథక్కరణ సామర్థ్యం గురించి అడిగితే జవాబు చెప్పలేక అతను బొటాబొటీగా గట్టెక్కిన సంగతి భౌతికశాస్త్రజ్ఞులు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు.

అసమానత, దాని అర్థం

హైసెన్‌బర్గ్ పత్రంలో ఉన్నది ఉజ్జాయింపు అంచనా. క్రమవిచలనాల లబ్ధానికి కచ్చితమైన హద్దును అదే ఏడాది అమెరికా శాస్త్రవేత్త ఎర్ల్ కెనార్డ్ నిరూపించాడు. 1929లో హోవర్డ్ రాబర్ట్‌సన్ దాన్ని ఏ రెండు రాశులకైనా విస్తరించాడు. మరుసటి ఏడు ష్రోడింగర్ ఇంకో పదం చేర్చి బిగించాడు.

ఈ నిరూపణల్లో పరికరం ఊసు ఉండదు. ఒకే విధంగా తయారుచేసిన వేల ఎలక్ట్రాన్లలో సగం వాటికి స్థానం మాత్రమే కొలవండి, మిగతా సగానికి ద్రవ్యవేగం మాత్రమే కొలవండి. ఏ ఎలక్ట్రాన్‌నూ రెండుసార్లు తాకలేదు. అయినా రెండు కొలతల పట్టికల్లోని క్రమవిచలనాల లబ్ధం హద్దు దాటి కిందికి దిగదు. కొలత కలిగించే కలతకు సంబంధించిన ప్రశ్న వేరే. దాన్ని జపాన్ గణితవేత్త మసనావో ఒజావా 2003లో విడిగా సూత్రీకరించి, కొలత దోషం, కలతల లబ్ధం హైసెన్‌బర్గ్ అంచనా కంటే తక్కువ కావచ్చని చూపాడు. 2012లో వియన్నాలో న్యూట్రాన్లతో, టొరాంటోలో కాంతితో చేసిన ప్రయోగాలు ఒజావా వైపే నిలిచాయి. దోషం, కలత అనే మాటలను వేరేలా నిర్వచిస్తే హైసెన్‌బర్గ్ పాత రూపం నిలుస్తుందని బుష్, లాహ్తి, వెర్నర్ 2013లో నిరూపించారు. వాదం నిర్వచనాల మీదే గానీ కెనార్డ్ అసమానత మీద కాదు.

హద్దు వర్తించేది సంయుగ్మ జంటకే అన్నది గుర్తుంచుకోవాలి. ఒక కణం తూర్పు–పడమర స్థానమూ ఉత్తర–దక్షిణ ద్రవ్యవేగమూ రెండూ కచ్చితంగా ఉండొచ్చు. రెండు కణాల మధ్య దూరమూ వాటి మొత్తం ద్రవ్యవేగమూ కూడా సంయుగ్మాలు కావు. ఐన్‌స్టీన్, పొడోల్‌స్కీ, రోజెన్ 1935లో క్వాంటం సిద్ధాంతం అసంపూర్ణమని వాదించడానికి సరిగ్గా ఈ సందునే వాడుకున్నారు. క్వాంటం చిక్కుముడి చర్చ అంతా అక్కడ మొదలైంది.

పదార్థంలో దీని పని

ఒక మైక్రోగ్రాము ధూళి రేణువు స్థానం మైక్రోమీటరులోపు తెలుసనుకుందాం. దాని వేగంలో తప్పనిసరి వ్యాప్తి సెకనుకు 5 × 10⁻²⁰ మీటర్లు. ఏడాది పాటు వదిలేసినా అది పరమాణువు వెడల్పులో యాభయ్యో వంతు మించి కదలదు. అదే ఎలక్ట్రాన్‌ను పరమాణువంత చోటులో, అంటే 10⁻¹⁰ మీటర్లలో బంధిస్తే వేగంలో వ్యాప్తి సెకనుకు 580 కిలోమీటర్ల దాకా పోతుంది.

ఎలక్ట్రాన్ కేంద్రకంలో పడిపోకుండా ఆపేది ఈ వేగమే. దగ్గరికి కుదించే కొద్దీ విద్యుదాకర్షణ వల్ల శక్తి తగ్గుతుంది, ద్రవ్యవేగ వ్యాప్తి వల్ల గతిజ శక్తి అంతకన్నా తొందరగా పెరుగుతుంది. రెండూ సరితూగే చోటు వెతికితే 0.53 × 10⁻¹⁰ మీటర్ల వ్యాసార్ధం వస్తుంది. హైడ్రోజన్ పరమాణువు పరిమాణం అదే. పరమశూన్య ఉష్ణోగ్రత దగ్గర కూడా పరమాణువుల కదలిక పూర్తిగా ఆగకపోవడానికీ ఇదే కారణం. హీలియం పరమాణువులు తేలికైనవి, వాటి మధ్య ఆకర్షణ బలహీనం. ఆ మిగులు కదలికే చాలు, మామూలు వాతావరణ పీడనంలో హీలియం ఎంత చల్లబరిచినా గడ్డకట్టదు. అందుకు కనీసం సుమారు 25 రెట్ల పీడనం కావాలి. 1926లో విల్లెం కీసోమ్ లైడెన్‌లో దాన్ని మొదటిసారి ఘనీభవింపజేశాడు.

ఫేజ్ స్పేస్‌ను ప్లాంక్ స్థిరాంకం ఘనమంత గదులుగా విభజించి కాంతి కణాలను లెక్కపెట్టవచ్చని ఢాకాలో సత్యేంద్రనాథ్ బోస్ 1924లో, అనిశ్చితత్వ నియమం రాకముందే, చూపాడు. అదే గదుల్లో ఎలక్ట్రాన్లను పాలీ నియమం ప్రకారం గదికి రెండేసి లెక్కన సర్దితే, నక్షత్రం కుంచించుకుపోకుండా ఆపే పీడనం పుడుతుంది. 1930లో బొంబాయి నుంచి ఇంగ్లండుకు ఓడలో వెళుతూ సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఆ పీడనానికి ఉన్న పరిమితిని లెక్కగట్టడం మొదలుపెట్టాడు. సూర్యుడి ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లు దాటితే శ్వేత కుబ్జ నక్షత్రం నిలవదు.

చిక్కు జంటలు

కాలం–శక్తి జంటను మిగతావాటి సరసన రాసేస్తుంటారు గానీ అది వేరే జాతి. క్వాంటం యాంత్రికశాస్త్రంలో స్థానం కొలవదగ్గ రాశి. కాలం గడియారం చూపే బయటి సంఖ్య. శక్తికి కింది హద్దు ఉన్నంతవరకు దానికి సంయుగ్మమైన కాలరాశిని నిర్మించలేమని పాలీ 1933లో వాదించాడు. ఈ సంబంధానికి సరైన అర్థాన్ని 1945లో మండెల్‌స్టామ్, టామ్ ఇచ్చారు: ఒక వ్యవస్థ గుర్తించదగినంతగా మారడానికి కనీసం ఎంత సమయం పడుతుందో దాని శక్తి వ్యాప్తి నిర్ణయిస్తుంది. ఉత్తేజిత హైడ్రోజన్ స్థితుల్లో ఒకటి 1.6 నానోసెకన్లే బతుకుతుంది, అందుకే దాని వర్ణపట రేఖకు సుమారు 100 మెగాహెర్ట్జ్ వెడల్పు ఉంటుంది. జడ్ బోసాన్ అనే కణం జీవితకాలాన్ని ఏ గడియారమూ కొలవలేదు. సెర్న్‌లో 1989లో మొదలైన కొలైడర్ ప్రయోగాలు దాని శక్తి వెడల్పు సుమారు 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టులని తేల్చాయి. జీవితకాలం 10⁻²⁵ సెకన్ల స్థాయిలో ఉందని అందులోంచే తెలిసింది. ప్రకృతి కొంతసేపు శక్తిని అప్పు తెచ్చుకుంటుందనే జనరంజక వర్ణన మాత్రం వదిలేయదగ్గది. శక్తి నిత్యత్వానికి అలాంటి సడలింపు ఎక్కడా లేదు.

కోణానికి ఇంకో ఇబ్బంది. కోణీయ ద్రవ్యవేగం కచ్చితంగా తెలిస్తే కోణం ఏదైనా కావచ్చు. కానీ కోణం ఒక చుట్టు తిరిగి మళ్ళీ మొదటికి వస్తుంది కాబట్టి దాని వ్యాప్తి 1.8 రేడియన్ల దగ్గరే ఆగుతుంది. లబ్ధం సున్నా అవుతుంది. ఇక్కడ అసమానతను వేరే రూపంలో రాయాలి. కాంతిలో ఫోటాన్ల సంఖ్య, దశల జంటకూ ఇదే తరహా జాగ్రత్త అవసరం.

సి.ఆర్. రావు అసమానత

అనిశ్చితత్వానికి ఒక దారి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన తెలుగు శాస్త్రవేత్త గుండా వెళుతుంది. కల్యంపూడి రాధాకృష్ణారావు 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో ప్రచురించిన పత్రంలో, దత్తాంశాల నుంచి ఒక తెలియని సంఖ్యను పక్షపాతం లేకుండా అంచనా వేసినప్పుడు ఆ అంచనా విస్తృతి ఒక హద్దు కంటే తగ్గదని నిరూపించాడు. స్వీడన్‌కు చెందిన హరాల్డ్ క్రేమర్ స్వతంత్రంగా అదే ఫలితానికి వచ్చాడు కాబట్టి దాన్ని క్రేమర్–రావు హద్దు అంటారు. దత్తాంశాలు ఎంత సమాచారం మోస్తున్నాయో కొలిచే ఫిషర్ సమాచారమనే రాశికి ఆ హద్దు విలోమం. డచ్ శాస్త్రవేత్త స్టామ్ 1959లో ఈ హద్దునూ అనిశ్చితత్వాన్నీ కలిపాడు. కణం స్థాన వితరణలోని ఫిషర్ సమాచారం దాని ద్రవ్యవేగ విస్తృతిని బట్టి పరిమితమై ఉంటుంది. ఆ పరిమితిని రావు అసమానతలో ప్రతిక్షేపిస్తే కెనార్డ్ అసమానత నేరుగా వస్తుంది. క్వాంటం కొలతల సూక్ష్మత మీద ఈనాడు వచ్చే పత్రాలు ఎక్కువగా దీని క్వాంటం రూపంతోనే మొదలవుతాయి.

పిండిన కాంతి

హద్దు ఉన్నది లబ్ధానికి. విడివిడిగా ఏ రాశికీ కాదు. ఈ వెసులుబాటును ఇంజనీర్లు వాడుకుంటున్నారు. కాంతి తరంగాన్ని రెండు సంయుగ్మ భాగాలుగా రాయవచ్చు. ఒకదాని హెచ్చుతగ్గులు తగ్గించి రెండోదాని హెచ్చుతగ్గులు పెంచిన కాంతిని ‘పిండిన కాంతి’ అంటారు. గురుత్వ తరంగాల శోధనకు ఇది పనికొస్తుందని కార్ల్‌టన్ కేవ్స్ 1981లో చూపాడు. 1985లో బెల్ ప్రయోగశాలల్లో దాన్ని తొలిసారి తయారుచేశారు.

అమెరికాలోని లైగో గురుత్వ తరంగ శోధకాల్లో కాంతి ప్రయాణించే చేతులు 4 కిలోమీటర్ల పొడవు, అద్దాలు 40 కిలోగ్రాముల బరువు. అధిక పౌనఃపున్యాల దగ్గర ఫోటాన్లు విడివిడిగా వచ్చి పడటం వల్ల కొలతలో రొద వస్తుంది. తక్కువ పౌనఃపున్యాల దగ్గర కాంతి పీడనంలోని హెచ్చుతగ్గులు అద్దాలనే కదుపుతాయి. క్వాంటం రొద ఆ బరువైన అద్దాలను 10⁻²⁰ మీటర్ల మేర కదుపుతోందని 2020లో కొలిచి చూశారు. 2019లో మొదలైన మూడో పరిశీలన నుంచి లైగో పిండిన కాంతి వాడుతోంది. ఒకదాన్ని పిండితే రెండోది ఉబ్బుతుంది కాబట్టి అప్పట్లో అధిక పౌనఃపున్యాల దగ్గర పొందిన లాభానికి తక్కువ పౌనఃపున్యాల దగ్గర మూల్యం చెల్లించాల్సి వచ్చేది. 2023 మేలో మొదలైన నాలుగో పరిశీలనకు 300 మీటర్ల అదనపు కుహరం కట్టి, పౌనఃపున్యాన్ని బట్టి పిండే దిశ మారేలా చేశారు. అదే ఏడాది ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన లైగో-ఇండియా శోధకం మహారాష్ట్రలోని హింగోలీ జిల్లాలో రానుంది. దాని చేతుల పొడవు కూడా 4 కిలోమీటర్లే.